ఎత్తు ముక్కలు చేసే చేతులకు ఒక మాట

చలికాలం వచ్చిందంటే బిర్కత్ అల్ అవామిర్ గ్యారేజీలకు ఊపిరాడదు. దోహాకు దక్షిణాన, వక్రా మునిసిపాలిటీలో గోదాములు, వర్క్‌షాపులు వరసగా ఉన్న చోటు ఇది. నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడి కుర్రాళ్ళు శుక్రవారం వస్తే సీలైన్ ఇసుక తిన్నెల వైపు, ఇంకా ధైర్యం ఉన్నవాళ్ళు ఖోర్ అల్ ఉదైద్ దాకా బండ్లు తోలుకుపోతారు. పోయే ముందు గ్యారేజీకి వచ్చి అడిగేది ఒకటే మాట: "బండి లేపాలి."

లేపడం అంటే జాకీ పెట్టి లేపడం కాదు. స్ప్రింగుల దగ్గర అదనపు ముక్కలు పెట్టి బండి ఒంటిని రెండు మూడు అంగుళాలు శాశ్వతంగా పైకి ఎత్తడం. అప్పుడు పెద్ద టైర్లు పడతాయి, కింద ఇసుక తగలదు, చూడటానికి దర్జాగా ఉంటుంది. దీనికి ఆస్ట్రేలియా కంపెనీల కిట్లు దొరుకుతాయి. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ లాంటివి. కానీ కిట్టు ధర వినగానే చాలామంది మొహం మారుతుంది. "మీ దగ్గర లేత్ ఉందిగా, మీరే చేసివ్వండి" అంటారు. ఆ లేత్ ముందు నిలబడేది, ఆ వెల్డింగ్ రాడ్డు పట్టేది ఎక్కువసార్లు మనవాళ్ళే. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వాళ్ళు.

నేను స్పానర్ పట్టేవాణ్ణి కాదు. ఆఫీసులో జాబ్ కార్డులు రాయడం, కొటేషన్లు, బిల్లులు టైపు చేయడం నా పని. కానీ ఏ బండికి ఏ ముక్క వేశారో కాగితం మీదికి రావలసింది నా చేతి మీదుగానే. రాయాలంటే తెలియాలి కదా. అందుకని మా టర్నర్ అన్న పక్కన నిలబడి అడిగి అడిగి నేర్చుకున్నాను. ఆయన చదివింది ఏడో తరగతి. లేత్ మీద ఇరవై ఏళ్ళ అనుభవం.

ఆయన మొదట చెప్పిన సూత్రం ఇది: "తమ్మీ, ఒట్టి నొక్కుడు పడే ముక్కైతే నేను చేస్త. గుంజుడు, ఒంపుడు పడే ముక్కైతే నా చెయ్యి పెట్ట." ఇంజినీరింగ్ పుస్తకంలో పది పేజీల్లో ఉండే సంగతి ఒక్క మాటలో చెప్పాడు.

నొక్కుడు పడే ముక్కకు మంచి ఉదాహరణ కాయిల్ స్ప్రింగు మీద పెట్టే స్పేసర్. నిస్సాన్ పెట్రోల్ పాత మోడల్ వై 61, ల్యాండ్ క్రూజర్ 80 సిరీస్ బండ్లకు ముందూ వెనకా నిండు ఇరుసు, దాని మీద కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. స్ప్రింగు పైన 40 మిల్లీమీటర్ల మందం గుండ్రటి బిళ్ళ పెడితే బండి దాదాపు అంతే లేస్తుంది. అల్యూమినియం రౌండు బారు గానీ గట్టి నైలాన్ దిమ్మ గానీ తెచ్చి లేత్ మీద తిప్పుతారు. అందులోనూ పద్ధతి ఉంది. స్ప్రింగు కూర్చునే గాడి కొలత సరిగ్గా పడాలి. బిళ్ళ పక్కకు జారకుండా అంచు తీయాలి. కంపెనీ వేసిన రబ్బరు గిన్నె తీసి పారేయకూడదు. ఇవి చూసుకుంటే ఆ బిళ్ళకు వచ్చే కష్టం తక్కువ, ఎందుకంటే దాని మీద పడేది బరువు మాత్రమే. ముందు చక్రాలు విడివిడిగా కదిలే కొత్త బండ్ల లెక్క వేరు. అక్కడ చెయ్యి మీటలాగా పనిచేస్తుంది కాబట్టి పైన పెట్టిన ముక్క మందానికి చక్రం దగ్గర లేచే ఎత్తు దాదాపు రెట్టింపు. ఈ తేడా తెలియకుండా ఒకే కొలత అన్నింటికీ తిప్పితే నష్టమే.

ఇక పికప్ బండ్ల వెనక ఉండే కమాన్ పట్టీలు. ఊళ్ళో లారీల కింద చూసిన కట్టలే. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పట్టీల పని చేసి వచ్చినవాళ్ళు ఇక్కడా ఉన్నారు. దీన్ని లేపడానికి మూడు దారులు. ఒకటి, పొడుగు షాకిల్ వేయడం. రెండు అంగుళాలు పొడుగు పెంచితే బండి ఒక్క అంగుళమే లేస్తుంది, ఎందుకంటే ఇరుసు కమాన్ మధ్యలో ఉంటుంది, షాకిల్ ఒక కొసన ఉంటుంది. రెండు, కట్టలో ఒక పట్టీ ఎక్కువ చేర్చడం. మూడు, ఇరుసుకూ కట్టకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టడం.

మూడింటిలోనూ చేసేవాడికి ఉచ్చు ఉంది. షాకిల్‌ను ఒకే ప్లేటు నుంచి కొత్తగా కోసి రంధ్రాలు వేస్తే ఒక తీరు. ఉన్నదాన్నే కోసి మధ్యలో ముక్క పెట్టి వెల్డింగ్ కొడితే ఇంకో తీరు. బండి మలుపు తిరిగినప్పుడల్లా షాకిల్‌ను పక్కకు ఒంపే బలం పడుతుంది, అతుకు పక్కనే పగులు పుడుతుంది. పాత లారీ పట్టీ తెచ్చి ఎర్రగా కాల్చి ఒంచితే దాని పదును పోతుంది. మళ్ళీ నూనెలో ముంచి, మళ్ళీ సన్న వేడి మీద మగ్గబెట్టి పదును తేవాలి. ఆ సదుపాయం లేని చోట అది ఒట్టి ఇనుప రేకు కిందే లెక్క. దిమ్మ సంగతి ఇంకా మోసం. పైకి చూస్తే అది నొక్కుడు ముక్కే. కానీ బ్రేకు వేయగానే ఇరుసు మెలి తిరగబోతుంది, ఆ మెలి అంతా యూ బోల్టులు ఆపాలి. అందుకే లోపల బోలుగా ఉండే చదరపు పైపు కోసి దిమ్మగా పెట్టడం, దిమ్మ మీద దిమ్మ పెట్టడం, ముందు ఇరుసుకు దిమ్మ పెట్టడం, ఈ మూడూ మా అన్న చేయడు. పాత యూ బోల్టు కూడా తిరిగి వాడడు. ఒకసారి బిగించి సాగిన బోల్టు రెండోసారి అదే పట్టు పట్టదంటాడు. బోల్టు తల మీద 8.8 అని ఉంటే చదరపు మిల్లీమీటరుకు దాదాపు 80 కిలోల గుంజుడు తట్టుకునే ఉక్కు అని అర్థం. ఏ అంకే లేని బోల్టు సస్పెన్షన్‌కు వాడకూడదు.

ముక్క పెట్టగానే పని అయిపోదు. ఇల్లు కట్టేటప్పుడు గడప ఎత్తు పెంచితే మెట్లన్నీ మార్చుకున్నట్టు, ఒక్కటి లేపితే చుట్టుపక్కలవన్నీ కదులుతాయి. షాకబ్జర్లు పొట్టివైపోతాయి. బ్రేకు గొట్టం చక్రం కిందికి జారినప్పుడు తీగలాగా సాగుతుంది. ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. స్టీరింగు తనంతట తాను నిటారుకు రావడం తగ్గి బండి రోడ్డు మీద అటూ ఇటూ ఊగుతుంది. కొన్ని పికప్‌లకు వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక కడ్డీ, దానికి బ్రేకు వాల్వు ఉంటాయి. వెనక బరువు ఉంటే బండి కుంగుతుంది, అప్పుడు వాల్వు వెనక బ్రేకుకు ఎక్కువ నూనె పంపుతుంది. బండి లేపి ఆ కడ్డీని సరిచేయకపోతే, టన్ను సరుకు ఎక్కించినా బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. లేపించుకున్నవాడికి ఈ సంగతి తెలియదు. చేసినవాడికి తెలిసి ఉండాలి.

నా వంతుగా క్యాలిక్యులేటర్ తీసి ఒక లెక్క వేసి చూశాను. బండి కుడి ఎడమ చక్రాల మధ్య దూరం 160 సెంటీమీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. సగం వెడల్పు 80ని 75తో భాగిస్తే 1.07. బరువు కేంద్రం 10 సెంటీమీటర్లు పైకి పోతే 80ని 85తో భాగించాలి, 0.94 వస్తుంది. అంటే ఆగి ఉన్న బండి పక్కకు పడిపోయే వాలు 47 డిగ్రీల నుంచి 43కి దిగుతుంది. తిన్నె మీద అడ్డంగా పరిగెత్తే బండికి అంత వాలు కూడా అక్కర్లేదు. ఇసుకలో దిగబడకుండా కావలసింది ఎత్తు కంటే టైర్లలో గాలి తగ్గించడం. 15 పౌండ్ల దగ్గరికి దించితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. దానికి ఖర్చు లేదు. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి కొట్టుకుంటే చాలు.

ఇదంతా ఈ పేపరులో ఎందుకు రాస్తున్నానంటే, ముక్క విరిగిన రోజు మాట వచ్చేది ముక్క మీద కాదు, చేసిన మనిషి మీద. ఇక్కడి ఇంకో గ్యారేజీలో పనిచేసే కామారెడ్డి వైపు తమ్ముడి సంగతి చెబుతాను. సూపర్‌వైజర్ నోటిమాటగా చెబితే ఒక పికప్‌కు వెనక దిమ్మలు చేసి బిగించాడు. కొంత దూరం నడిపాక తెచ్చి యూ బోల్టులు మళ్ళీ బిగించుకోవాలని కస్టమర్‌కు ఎవరూ చెప్పలేదు. పది రోజులకు నట్లు వదులై ఇరుసు జరిగింది, బండి పోయి రోడ్డు పక్క కంచెను గుద్దుకుంది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కానీ బాగు ఖర్చంతా తమ్ముడి మీద వేశారు. నెల జీతం 1,500 రియాళ్ళయితే 750 కోసేశారు. ఎవరు చెప్పారు, ఎందుకు చేశాడు అనేదానికి కాగితం లేదు. సూపర్‌వైజర్ "నేను చెప్పలేదు" అన్నాడు.

తమ్ముడు ఆ రాత్రి మా గదికి వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో చెల్లెలి పెళ్ళి అప్పు ఉంది. ఖతార్ కార్మిక చట్టం, అంటే 2004లో వచ్చిన 14వ నంబరు చట్టం, కార్మికుడి వల్ల నష్టం జరిగినా ముందు విచారణ చేయాలని, నష్టపరిహారం కింద నెలకు ఏడు రోజుల జీతం కంటే ఎక్కువ కోయకూడదని చెబుతుంది. కోత నిర్ణయం తెలిసిన ఏడు రోజుల్లో కార్మిక శాఖకు అప్పీలు చేసుకోవచ్చు. రోజుకు 50 రియాళ్ళ లెక్కన ఏడు రోజులకు 350 రియాళ్ళు. ఆ లెక్క కాగితం మీద రాసి ఇచ్చాను. ఫిర్యాదు పెడతానని చెప్పాక కోత 350కి దిగింది. సగానికి సగం తగ్గింది. కానీ అతను కట్టవలసిన తప్పేనా అది అన్న ప్రశ్న అలాగే ఉంది.

కంచె బదులు మనిషే తగిలి ఉంటే? ఇక్కడ పొరపాటున ప్రాణం పోయినా దియా ఉంది. 2008 చట్టం ప్రకారం అది 2 లక్షల రియాళ్ళు. తప్పు ఎవరిదో తేల్చేటప్పుడు కాగితం ఉన్నవాడు నిలబడతాడు, లేనివాడు తల దించుకుంటాడు. పైగా 2007 ట్రాఫిక్ చట్టం కింద అనుమతి లేకుండా బండి నిర్మాణంలో మార్పులు చేయకూడదు. ఏటా ఫాహెస్ తనిఖీలో బండి కిందికి దిగి చూస్తారు. కాబట్టి అనుమతి ఉందా అని కస్టమర్‌ను ముందే అడగడం అమర్యాద కాదు.

మా ఊళ్ళో కమ్మరి ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసేవాడు. నిప్పుల్లో కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తే అది బిగుసుకునేది. పట్టా ఊడితే రైతు నేరుగా కొలిమి దగ్గరికే వచ్చేవాడు. చేసినవాడి పేరు ఊరంతటికీ తెలుసు, అందుకే అతని మాటకు విలువ ఉండేది. "ఈ ఇనుము పనికిరాదు" అంటే పటేలు కూడా వినేవాడు. ఇక్కడ మన చేతికి పేరు లేదు. పేరు లేనివాడి మాట ఎవరూ వినరు, నింద మాత్రం వాడి మీదే వేస్తారు.

అందుకే గ్యారేజీల్లో పనిచేసే అన్నలకు, తమ్ముళ్ళకు నా మనవి. ఏ ముక్క చేసినా జాబ్ కార్డు మీద రాయించుకోండి. ఏ లోహం, ఎంత మందం, ఎవరు చెప్పారు, ఏ తేదీ. మళ్ళీ బిగించడానికి ఎప్పుడు రావాలో కస్టమర్‌కు చెప్పి సంతకం తీసుకోండి. కార్డును ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. స్టీరింగు కడ్డీకి, బ్రేకు గొట్టానికి, యూ బోల్టుకు వెల్డింగ్ అంటే ఎవరు చెప్పినా చేయవద్దు. డ్యూటీ అయ్యాక యాభై వంద రియాళ్ళ కోసం బయట దొంగచాటుగా చేసే పని అసలే వద్దు, అక్కడ మీకు అండగా ఏ కాగితమూ ఉండదు. నాలాంటి క్లర్కులకూ ఒక మాట. వాళ్ళకు ఇంగ్లీషు రాకపోతే వాళ్ళు చెప్పింది చెప్పినట్టు కార్డు మీద రాయండి. "జనరల్ రిపేర్" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి.

గత చలికాలంలో ఒక కస్టమర్ స్టీరింగు కడ్డీని అతికి పొడుగు చేయమన్నాడు. మా అన్న చేయనన్నాడు. ఫోర్‌మన్ కోప్పడ్డాడు. నేను కార్డు మీద "టర్నర్ నిరాకరించాడు, ప్రమాదకరం" అని రాసి ఫోర్‌మన్ ముందు సంతకానికి పెట్టాను. ఆయన కాసేపు చూశాడు. తర్వాత కస్టమర్‌కు ఫోన్ చేసి కొత్త కడ్డీ తెచ్చుకోమన్నాడు.