చంపావతి మొగ దగ్గర

నెల్లిమర్ల జూట్ మిల్లు దాటి చంపావతి ఒడ్డుకొచ్చేసరికి ఏరు ఎర్రగా పారుతోంది. అక్టోబరు వానలు మరి. ఆ నీటి వెంటే సముద్రం దాకా వెళ్లాలనిపించింది. డెంకాడ, నాతవలస మీదుగా కోనాడ చేరాను. ఏరు సంద్రంలో కలిసే మొగ ఇక్కడే.

ఒడ్డున అలివి వల లాగుతున్నారు. నెత్తళ్ల మధ్య బొటనవేలి గోరంత గాజు గొడుగులు మెరిశాయి. చిన్న జాతి జెల్లీఫిష్‌లు. వంగి చెయ్యి చాపబోతే ఓ పెద్దాయన ఆపాడు: "ముట్టకండి బాబూ, దురదెక్కుతాది."

ఒకదాన్ని గరిటెతో తీసి సముద్రపు నీళ్లున్న సీసాలో వేశాను. ముడుచుకుంటూ, విచ్చుకుంటూ ఈదింది. దీనికి మొప్పల్లేవు, మూత్రపిండాల్లేవు. ప్రాణవాయువు ఒంటి పొరలోంచే లోపలికి పోతుంది, వ్యర్థమైన అమ్మోనియా అలాగే బయటికొస్తుంది. అరగని తిండిని నోటితోనే కక్కేస్తుంది. నూటికి 95 పాళ్లు నీరే అయిన ఈ ఒంటికి చుట్టూ ఉన్న నీరు ఎలా ఉంటే బతుకూ అలాగే ఉంటుంది. దాని ఓర్పుకు లోబడి నీరు 10 డిగ్రీలు వేడెక్కితే శ్వాస సుమారు రెండు మూడు రెట్లవుతుంది, దాంతోపాటు అమ్మోనియా విసర్జనా పెరుగుతుంది. కడుపు నిండా తింటే వ్యర్థం ఎక్కువ. తిండి దొరక్కపోతే విసర్జన తగ్గుతుంది, తన ఒంటినే కరిగించుకుని చిన్నదైపోతుంది కూడా. ఏటి నీరు కలిసి ఉప్పు ఒక్కసారిగా పడిపోతే ఒళ్లు ఉబ్బి, ఈత మందగిస్తుంది.

ఉప్పు తగ్గేది మొగ దగ్గర మాత్రమే కాదు. 1950ల్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసిన అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండ్ ఈ తీరపు నీటిని శ్రద్ధగా పరిశీలించాడు. వేసవి మొదట్లో అడుగునున్న చల్లని నీరు పైకొస్తుందనీ, వానల తర్వాత ఉత్తరాది నదుల మంచినీరు తీరం వెంట దక్షిణానికి దిగుతుందనీ చూపాడు. విశాఖ తీరంలో ఈ చిన్న జెల్లీఫిష్‌ల రాకపోకలు ఋతువుల్ని బట్టి ఎలా మారతాయో శాస్త్రజ్ఞులు గణపతి, నాగభూషణం 1958లో ప్రచురించారు. మన తీరం గురించి మనవాళ్లు చేసిన ఆ పని మన బడిపిల్లలకు తెలియాలి.

జెల్లీఫిష్‌లు వదిలే ఆ అమ్మోనియాను నీటిలోని సూక్ష్మమైన నాచు తింటుంది. నాచును చిరుజీవులు, వాటిని నెత్తళ్లు తింటాయి. వలలో పడే చేపలో జెల్లీఫిష్‌ల విసర్జన పాలూ కొంత ఉంది.

కోనాడ వెళ్లేవారికి ఒక్క మాట. ఇసుక మీద పడ్డ ఈ గొడుగులు ఎండకు చప్పున చచ్చిపోతాయి. చేత్తో ముట్టకుండా, ఏ చిప్పతోనో ఎత్తి నీళ్లలో వదలండి.