ఘనగిరి దుర్గ సందర్శనము

పెనుకొండకు ఘనగిరి అని మరొక పేరు ఉన్నది. కొత్తచెరువు వారమైన మాకు అది పొరుగూరే. అయినా ఆ దుర్గాన్ని చరిత్ర చదువుకొని మరీ చూచినది ఇటీవలనే. జపాను దేశపు హిమేజీ కోట చిత్రపటాన్ని చూచి ముచ్చటపడిన మా మిత్రబృందంలో, మన కోటల ప్రభువులెవరు, వారిని పోషించినదెవరు అనే ప్రశ్న పుట్టి మమ్మల్ని అక్కడికి నడిపించింది.

గగనమహలు ఎదుట చాలాసేపు నిలిచిపోయాము. క్రింది అంతస్తు కమానులలో బీజాపురం, గోలకొండ కట్టడాల పోలిక ఉన్నది. పైనున్న శిఖరం దేవాలయ విమానాన్ని తలపిస్తుంది. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో దక్కను సుల్తానుల చేతిలో ఓటమి కలిగిన పిమ్మట, సదాశివరాయలను వెంటబెట్టుకొని తిరుమలరాయలు ఆశ్రయించినది ఈ ఊరినే. రాజులు కత్తులు దూసుకొన్నా శిల్పుల పనితనం ఎల్లలను పాటించలేదు. ఆ సమీపంలోనే షేర్‌ఖాన్ మసీదు. ఊరిలో బాబయ్యగా అందరూ కొలిచే బాబా ఫక్రుద్దీన్ దర్గా. ఉర్దూ చదివే మిత్రులూ, తెలుగు చదివే మేమూ ఇక్కడ ఎవరికీ ఎవరమూ దారి చూపనక్కరలేకపోయింది.

ఇక ప్రభువుల సంగతి. రాయలు ఇచ్చిన భూమిని అనుభవిస్తూ, నిర్ణయించిన సైన్యాన్ని పోషించి, ఏటేటా కప్పం చెల్లించడం నాయంకర విధానం. రైతు పండించిన దానిలో పదింట తొమ్మిది పాళ్లు నాయకులకు చేరేవని, వారు అందులో సగం రాయలకు కట్టేవారని పోర్చుగీసు వాడైన నూనిజ్ వ్రాశాడు. అందులో అతిశయోక్తిని ఎంత తీసివేసినా మిగిలేది బరువైన లెక్కే. జపానులోనూ ఇంతే, అక్కడి దైమ్యోలు 1635 నాటి శాసనం ప్రకారం ఏడాది విడిచి ఏడాది ఎడో నగరంలో షోగను కొలువున ఉండవలసి వచ్చేది. ఆ వైభవానికి ధాన్యం ఇచ్చినది మాత్రం పొలంలోని వాడు. 1871లో వారి సంస్థానాలు రద్దయ్యాయి.

మన సీమలో నాయకుల తరువాత పాలెగాళ్లు వచ్చారు. వారిని గూర్చి వీరగాథలు వినడం మాకూ ఇష్టమే. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని కంపెనీకి అప్పగించినపుడు దత్తమండలంలో సుమారు 80 మంది పాలెగాళ్లు ఉండేవారు. కలెక్టరు థామస్ మన్రో వారి బలగాలను అణచి, శిస్తును నేరుగా రైతు నుండి వసూలు చేయించాడు. పాలెగాని బెడద తగ్గింది గాని శిస్తు తగ్గలేదు. అది అధికమని గ్రహించి, నాలుగవ వంతు తగ్గించాలని 1807లో మన్రోయే సిఫారసు చేశాడు. మద్రాసు ప్రభుత్వం అప్పుడు అంగీకరించలేదు. పైగా గ్రామాలను గుత్తలకిచ్చి, రైతును మరల మధ్యవర్తుల చేతిలో పెట్టింది. 1820లో మన్రో గవర్నరుగా తిరిగి వచ్చిన తరువాత గాని ఆ తగ్గింపు అతనికి దక్కలేదు.