రాజీనామా ఇయ్యని రెండేండ్లు

ఖరగ్‌పూరు రైల్వే వర్కుషాపులో ఇనుప రజను అంటిన చేతులతోనే నేను పాటలు కట్టుచుంటిని. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువునకై శ్రీకాకుళపు పల్లెలనుండి మూటాముల్లెతో వచ్చినవారి మనుమడను గనుక, జముకుల పాట మాకు తాతలనాటి ఆస్తి; వేఱే ఆస్తి లేదు. గద్దర్ 1984లో కెనరా బ్యాంకు ఉద్యోగమును విడిచెననియు, వంగపండు విశాఖ షిప్‌యార్డు కార్మికుడుగా నుండియే పాటగాడయ్యెననియు, ఇక నాకేమి అడ్డమనియు మా నింపురా పేట మిత్రులు పురికొల్పుచుండగా, 2008లో, పదునెనిమిదేండ్ల సర్వీసు నిండిన కొలదినాళ్ళకే, రాజీనామా వ్రాసి జేబులో నుంచుకొంటిని.

దానిని చదివిన మా వీధి పెద్దాయన, జీతాల సెక్షనులో గుమాస్తాగిరి చేసి విరమించినవాడు, టీ గ్లాసు ప్రక్కకు జరిపి, “ఒరే బాబూ, ఈ కాయితం ఇచ్చేవంటే పద్దెనిమిదేళ్ళూ గంగలో కలిసిపోతాయి. రెండేళ్ళు ఓర్చుకోరా” అనెను.

రాజీనామా చేసినవానికి గతసేవ యావత్తు రద్దగును. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, తాను దాచుకొన్న పి.ఎఫ్. మాత్రము చేతికి వచ్చును. ఇరువదేండ్లు నిండిన పిమ్మట మూడు నెలల ముందుగా నోటీసిచ్చి స్వచ్ఛందముగా విరమించినవానికో, సగము మూలవేతనము పింఛనుగను, పది నెలల జీతభత్యములు గ్రాట్యుటీగను లభించుటయే గాక, భార్యాభర్తలకు రైల్వే ఆసుపత్రి ద్వారమును తెఱచియే యుండును. 2004కు ముందు చేరినవాడ నగుటచే ఈ పాత పద్ధతి నాకు వర్తించెను. ఆ పిమ్మట చేరిన కుఱ్ఱవానికి ఈ లెక్క చెల్లదు.

ఓర్చుకొంటిని గాని, సంతోషముతో గాదు. ప్రతి ఉదయము సైరను మ్రోగగనే ఎవరో నా గొంతు నొక్కినట్లుండెడిది. చిత్రమేమనగా, నేటికిని జనము అడిగి పాడించుకొను పాటలలో నాలుగు ఆ కసిలో కట్టినవే.

2010లో బయటపడితిని. పిదప చేసిన తప్పు నాదే. పింఛనులో నూటికి నలువది వంతులు అమ్ముకొని, వచ్చిన మొత్తములో సగమునకు పైగా మైకుసెట్టుపై పోసితిని. పిలిచినవారందఱు తమ మైకు తామే పెట్టుకొనుచుండగా, నా సెట్టు రెండు వానకాలములలో చెమ్మ పట్టి మూగవోయెను. అమ్మినది పదునైదేండ్ల వఱకు తిరిగి రాదు; కరవుభత్యమును మాత్రము పూర్తి పింఛనుపైననే లెక్కించుటవలన ఇల్లు గడచినది.

2025లో కోతపోయిన భాగము మరల చేతికి వచ్చెను. పాసుపుస్తకము చూపగా మా ఆవిడ, “మళ్ళీ పెట్టెలేటీ కొనకండి” అని, పాత స్పీకరు పెట్టెపై నున్న బియ్యపు బస్తా మూతి విప్పెను.