అరచేయి చూసి ఆరోగ్యం చెప్పుడు: ఎంత నిజం, ఎంత కాదు

వరిల ముదురాకులు ముందు పసుపు తిరిగితే నత్రజని తక్కువైందంటం. లేత ఆకులు ముందు తెల్లబారితే ఇనుము అందుతలేదంటం. ఇంత గుర్తుపట్టే మనం ఇంట్ల ఆడోళ్ళ అరచేతులు ఎన్నడన్న చూసినమా? కొంచెం పెద్ద పోస్టే, ఓపికతో చదవండి.

మా అక్క ఒక ఏడాది నుంచి ఒడ్డు ఎక్కితే ఆయాసపడుతున్నది. అడిగితే "ఎండకురా తమ్మీ" అనేది. ఆఖరికి నేనే సికింద్రాబాద్ తీస్కపోయిన. స్టేషన్ దగ్గర ఫుట్‌పాత్ మీద ఒకాయన పెద్ద చేతి బొమ్మ పరిచి కూసున్నడు. బొమ్మ నిండ రంగు చుక్కలు. చైనా వైద్యం అట. అక్క చేయి పట్టుకొని, చిటికెన వేలు ఒత్తి, "గుండె బలహీనం" అన్నడు. నూటయాభై తీసుకున్నడు, ఒక చెక్క రోలరు ఇచ్చిండు. అక్కకు ఆయన మాట మస్తు నచ్చింది, ఇగ దవాఖాన ఎందుకు, ఇంటికి పోదాం అన్నది!

ఆయన పూర్తిగా కల్పించి చెప్పిండని కూడ అనలేం. చైనావాళ్ళ పాత లెక్కల ఒక్కొక్క వేలికి ఒక అవయవం ఉంటది. బొటనవేలు ఊపిరితిత్తులకు, చూపుడు వేలు పెద్దపేగుకు, చిటికెన వేలు గుండెకు, చిన్నపేగుకు. రెండు వేల ఏండ్ల కిందటి వాళ్ళ వైద్య గ్రంథంల బొటనవేలి కింద కండ మీది నరాలు నీలంగ ఉంటే కడుపుల చలువ, ఎర్రగుంటే వేడి అని ఉన్నది. మూడేండ్ల లోపు పిల్లలకైతే నాడి బదులు చూపుడు వేలి పక్క నరం చూస్తరు. నరం రంగు ఎంత పైదాక పాకితే జబ్బు అంత ముదిరినట్టు. మన ఆయుర్వేదంల కూడ నాడి, నాలుక, కండ్లు, స్పర్శ చూసుడు ఉన్నది కద. మిషన్లు లేని కాలంల వైద్యునికి కండ్లు, వేళ్ళే పరికరాలు. కాని వేలు ఒత్తి గుండె సంగతి చెప్పుడు పరీక్షకు నిలిచే మాట కాదు, నా మటుకు నేను నమ్మ.

విచిత్రమేందంటే, దవాఖానల డాక్టరమ్మ కూడ ముందు అరచేయే చూసింది. గీతల లోపల రంగు చూసింది, తర్వాత కింది కనురెప్ప తిప్పింది, గోర్లు చూసింది. గోర్లు చెంచా లెక్క గుంటపడ్డయి. రక్తపరీక్ష రాసింది. హిమోగ్లోబిన్ 6.4 వచ్చింది. ఆడోళ్ళకు 12 ఉండాలె, కడుపుతో ఉంటే 11, మగోళ్ళకు 13. గర్భసంచిల గడ్డ ఉండి నెలనెలా రక్తం ఎక్కువ పోతున్నదట. అక్క ఎవ్వరికి చెప్పలే. రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించిన్రు.

రక్తం తగ్గితే అరచేయి పాలిపోతది, ఇది మాత్రం నమ్మకం కాదు. ఏఎన్ఎమ్‌లకు పిల్లల విషయంల ఇదే నేర్పుతరు: బిడ్డ అరచేయి పక్కల నుంచి పట్టుకొని తన అరచేయితో పోల్చి చూడాలె. వేళ్ళు వెనకకు గుంజొద్దు, గుంజితే మంచి చేయి కూడ తెల్లగ కనబడతది. మన చేతులకు బురద, కాయలు, పసుపు, గోరింట, అందుకే కడిగినంక పగటి వెలుతురుల చూడాలె. అయినా కొద్దిపాటి రక్తహీనత చేయి చూస్తే దొరకదు. చేయి ఎర్రగుందని ఊకుండొద్దు, అనుమానముంటే పరీక్షే.

ఇంకొన్ని గుర్తులున్నయి. అరచేతులు పసుపైతే కండ్లు చూడాలె. కండ్లు కూడ పసుపైతే కామెర్లు. కండ్లు తెల్లగుండి చేతులే పసుపైతే క్యారెట్టు, బొప్పాయి ఎక్కువ తిన్నా అట్లయితది. చేయి అంచులు ఎప్పటికీ ఎర్రగుంటే కాలేయం సంగతి కావచ్చు, కాని కడుపుతో ఉన్నోళ్ళకు మామూలుగనే అట్లుంటది. చేతిల స్పర్శ పోతే మాత్రం ఆగొద్దు, కుష్ఠు కూడ కావచ్చు. ఇప్పుడు దానికి మందులున్నయి.

రక్తం తగ్గుడుకు తిండి ఒక్కటే కారణం కాదు. ఉత్త కాళ్ళతోని పొలంల తిరిగితే కొంకిపురుగు పాదంల నుంచే ఎక్కి పేగుల రక్తం తాగుతది. మలేరియా ఎర్రకణాలను పగులగొడతది. ఆ మలేరియా దోమ సంగతి రొనాల్డ్ రాస్ కనిపెట్టింది సికింద్రాబాద్ పక్కన బేగంపేటలనే, 1897 ఆగస్టు 20న. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమల కడుపు కోసి చూసిండు. 1902ల నోబెల్ వచ్చింది. ఆ బంగళా ఇంకా ఉన్నది, పట్నం పోతే చూడండి.

మన రాష్ట్రంల సగానికి పైగా ఆడోళ్ళకు రక్తం తక్కువేనని సర్కారు సర్వేనే చెప్పింది. ఐరన్ గోలీలు పల్లె దవాఖానల ఉత్తగనే ఇస్తరు. గోలీ వేసుకునే టైంల చాయ్ తాగొద్దు, నిమ్మకాయ, ఉసిరి మంచిది. దొడ్డికి నల్లగ వస్తే భయపడి గోలీలు ఆపకండి, అది ఇనుమే.

అక్కకు మూడు నెలల్ల 10.8 అయింది. రోలరు ఇంకా అటక మీదనే ఉన్నది, పడెయ్యనియ్యదు. కాని ఇప్పుడు నాట్లకు వచ్చినోళ్ళ చేతులు కడిగించి మరీ చూస్తున్నది. మొన్న ఇద్దరిని పరీక్షకు పంపింది. ఒకామెకు 9 ఉన్నది, ఇంకొకామె రిపోర్టు రేపు వస్తది.