రెండు కొత్తగూడలు, ఒక మిర్చి కల్లం

హైదరాబాద్‌లో మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే కొత్తగూడ ఫ్లైఓవర్ కనిపిస్తుంది. 2023 జనవరి 1న ప్రారంభమైంది. మా మేనమామ ఊరు కూడా కొత్తగూడే. కాకపోతే అది మహబూబాబాద్ జిల్లాలో, పాకాల అడవికి అవతల ఉంది. ఒక కొత్తగూడ పక్కన కోడ్ రాసుకుని బతుకుతున్నాను. ఇంకో కొత్తగూడలో నా చిన్నప్పటి సెలవులన్నీ గడిచాయి. పేరు తప్ప రెండింటికీ ఏ పోలికా లేదు. ఆ పేరు వల్లే నిరుడు మా మామ మిర్చి నాలుగు బస్తాలు తాలయిపోయింది. తప్పు నాదే.

అందుకే ఈసారి మార్చి మొదట్లో వారం రోజులు వర్క్ ఫ్రం హోం అడిగి ఊరికి బయల్దేరాను. ఆ వారం వాతావరణం అటూ ఇటూగా ఉంటుందని ముందే చెబుతున్నారు. ఫోన్‌లో చూసి చెప్పడం కాదు, ఒక్కసారైనా కల్లం దగ్గర నిలబడి చూడాలనిపించింది.

హన్మకొండ దాటి నర్సంపేట దాకా మామూలు రోడ్డే. ఖానాపురం దాటాక పాకాల వస్తుంది. 1213 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువు. ఎనిమిది వందల ఏళ్లుగా పొలాలకు నీళ్లిస్తూనే ఉంది. అక్కడి నుంచి రోడ్డు అడవిలోకి దూరుతుంది, ఫోన్ సిగ్నల్ మెల్లగా సెలవు తీసుకుంటుంది. మార్చిలో ఈ దారి చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి. ఆకులన్నీ రాలి అడవి గోధుమ రంగులో ఉంటే, మధ్యమధ్యలో మోదుగు చెట్లు ఎర్రగా మండుతున్నట్టు కనిపిస్తాయి. ఇంకొన్నాళ్లలో ఇప్పపువ్వు రాలడం మొదలవుతుంది. తెల్లవారుజామున కోయ ఆడవాళ్లు గంపలు పట్టుకుని చెట్ల కిందికి వెళ్తారు. పువ్వును ఏరుకొచ్చి ఎండబెట్టి అమ్ముకుంటారు. వాళ్లకు కూడా ఈ నెలలో వాన అంటే భయమే. తడిసిన పువ్వు నల్లబడి బూజు పడుతుంది.

2016కు ముందు కొత్తగూడ వరంగల్ జిల్లాలో ఉండేది. ఏజెన్సీ మండలం. చుట్టూ అడవి, మధ్యలో వరి, పత్తి, మక్క, మిర్చి. మార్చి వచ్చిందంటే కల్లాల నిండా ఎర్రటి కాయలు పరిచి ఉంటాయి. ఊళ్లోకి అడుగుపెట్టక ముందే తుమ్ములు మొదలవుతాయి. మా అత్త నన్ను చూసి "వచ్చినవా బిడ్డా?" అనేలోపే నాలుగు తుమ్మాను.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. అయితే అడవి ఊళ్లల్లో అది ఒక్కసారిగా పోదు. సోమవారం పొద్దున కప్పుకోవడానికి దుప్పటి కావాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి 36 డిగ్రీలు. రోడ్డు మీద చెప్పు లేకుండా నడవలేం. పూర్వాభాద్ర కార్తెలో ఇది మామూలేనని మామ అన్నాడు. మార్చి 18 ప్రాంతంలో ఉత్తరాభాద్ర వస్తుంది. రైతులు ఇప్పటికీ లెక్క కార్తెల్లోనే చెబుతారు.

ఎండాకాలం మొదట్లో ఈ రాళ్లవాన ఎందుకొస్తుంది? వాయవ్యం నుంచి పొడిగాలి వస్తుంది, బంగాళాఖాతం వైపు నుంచి తేమగాలి వస్తుంది. రెండూ తెలంగాణ మీద కలుస్తాయి. టీవీలో "విదర్భ నుంచి కర్ణాటక మీదుగా ద్రోణి" అని చెప్పేది ఆ కలయిక గీతనే. కింద నేల కాగి ఉంటుంది కాబట్టి వేడెక్కిన తేమగాలి మధ్యాహ్నానికల్లా నిట్టనిలువునా పైకి లేస్తుంది. నాలుగైదు కిలోమీటర్ల పైన చలికి నీటిబొట్టు గడ్డకడుతుంది. గాలి దాన్ని మళ్లీ పైకి తోస్తుంది, అది ఇంకా లావవుతుంది. చివరికి గాలి మోయలేనంత బరువెక్కి కింద పడుతుంది. ఈ మేఘం వెడల్పు కొన్ని కిలోమీటర్లే. ఒక ఊళ్లో కాయ మిగలదు, పక్క ఊళ్లో దుమ్ము కూడా తడవదు.

2023 మార్చి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఉగాదికి ముందు వారం, 16వ తేదీ నుంచి రాష్ట్రమంతా వానలు, రాళ్లు. మహబూబాబాద్, వరంగల్, ఖమ్మం జిల్లాల్లో మిర్చి, మక్క, మామిడి దెబ్బతిన్నాయి. 23న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పొలాలు చూసి ఎకరానికి 10 వేల రూపాయల సాయం ప్రకటించారు. అప్పుడు దెబ్బతిన్నది 2.28 లక్షల ఎకరాలని ప్రభుత్వం చెప్పింది. ఆ ఏడాది నుంచే మా మామకు నాతో పని పడింది. "అల్లుడా, నువ్వు కంప్యూటర్ల ఉంటవు గదా, రేపెట్లుంటదో జర చూసి చెప్పు" అని మార్చి నెలంతా రోజూ ఫోన్ చేసేవాడు. నేను చూసి చెప్పేవాణ్ని. రెండుసార్లు నిజమైంది. దాంతో మామకు నమ్మకం కుదిరింది. నాకు గర్వం వచ్చింది.

నిరుడు ఒకరోజు మీటింగ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. ఒక చెవిలో మేనేజరు, ఇంకో చెవిలో మామ. ఫోన్ మార్చిన కొత్త. యాప్‌లో కొత్తగూడ అని కొట్టి, పైన వచ్చినదాన్ని నొక్కాను. ఎండ గుర్తు కనిపించింది. "వాన లేదు మామా, కప్పకు" అని పెట్టేశాను. అది మా ఆఫీసు కింది కొత్తగూడ. ఆ రాత్రి ఇక్కడ గంటసేపు వాన కొట్టింది.

ఆ తర్వాత మామ నన్ను ఒక్క మాటా అనలేదు. ఫోన్ చేయడం మాత్రం మానేశాడు. పొద్దున్నే అత్తే చేసి సంగతి చెప్పింది. లొకేషన్ తప్పు పెట్టుకున్నానని ఆఫీసులో చెబితే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా పనిలో ఇలాంటి తప్పు దొరికితే సాయంత్రానికి సరిచేస్తాం. తడిసిన మిర్చిని సరిచేయడానికి ఏమీ ఉండదు. కాయ రంగు పోయి తెల్లబడితే ఎనుమాముల మార్కెట్‌లో దాన్ని తాలు కింద పక్కకు తీస్తారు. ధర సగం కూడా రాదు.

ఈసారి వచ్చాక మంగళవారం నుంచి మామతో పాటు కల్లం దగ్గరే కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. ముందు అసలు సమాచారం ఎక్కడి నుంచి వస్తుందో చూశాను. బేగంపేటలోని వాతావరణ కేంద్రం జిల్లాల వారీగా రంగులిస్తుంది. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడండి. ఉరుములూ గాలివానల గురించి మూడు గంటల ముందు ఇంకో హెచ్చరిక వస్తుంది. రైతుల కోసం మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ సలహా విడుదలవుతుంది. హైదరాబాద్ రాడార్ ఇక్కడి మేఘాన్నీ చూస్తుంది. కానీ భూమి గుండ్రం కదా, నూట డెబ్భై కిలోమీటర్లు వచ్చేసరికి దాని కిరణం మూడు కిలోమీటర్లకు పైనే వెళ్తుంది. మేఘం నడుము దానికి కనిపిస్తుంది, పాదాలు కనిపించవు. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీకి వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలు ఉన్నాయి. అవి పడ్డ వానను కొలుస్తాయి, పడబోయేది చెప్పవు.

ఇదంతా మామకు చెప్పాను. అంతా విని "అయితే మా కల్లం మీద పడ్తదా పడదా?" అన్నాడు.

"40 శాతం అంటున్నరు మామా."

"అంటే?"

"గిసుంటి రోజులు పది వస్తే నాలుగు రోజులు వాన పడ్డట్టు."

"మరి ఇయ్యాల నాలుగు దాంట్లదా, ఆరు దాంట్లదా?"

జవాబు నా దగ్గర లేదు. నిజానికి ఎవరి దగ్గరా లేదు. కప్పితే ఏం పోతుందిలే అని సిటీలో కూర్చుని అనుకునేవాణ్ని. పోతుంది. పచ్చిగా ఉన్న కాయను కుప్ప చేసి పరదా కప్పితే లోపల ఉమ్మదం పట్టి చెమ్మగిల్లుతుంది. మర్నాడు ఎండ లేకపోతే బూజు వస్తుంది. కుప్ప చేయడానికి, మళ్లీ పరచడానికి మనుషులు కావాలి. మిర్చి ఏరే రోజుల్లో కూలీలు దొరకడమే కష్టం. కప్పకపోతే ఒక గంట వానకు ఆరు నెలల పంట పోతుంది. మామ రోజూ మధ్యాహ్నం మూడింటికి ఈ లెక్క వేస్తాడు.

గురువారం వచ్చింది. పొద్దున మబ్బు లేదు. ఒంటిగంటకు గాలి ఆగిపోయింది. ఉక్క మొదలైంది. పడమర దిక్కున గోపురంలా ఒక మేఘం లేచింది. సిగ్నల్ కోసం డాబా ఎక్కి చూస్తే, మా జిల్లా పేరుతో మూడు గంటల హెచ్చరిక అప్పటికే నలభై నిమిషాల కింద వచ్చి ఉంది. "మామా, ఈసారి మన కొత్తగూడే" అని కేకేశాను. మామ నా వైపు చూశాడు, మేఘం వైపు చూశాడు. "కప్పుదాం పా" అన్నాడు.

అత్త, మామ, నేను, పక్క కల్లం వాళ్లిద్దరు. కుప్ప చేసి, పరదాలు లాగి, అంచుల మీద రాళ్లు పెట్టేసరికి ఒళ్లంతా మంట. కీబోర్డు మీద ఆడే చేతులు నావి, రాత్రి దాకా మండాయి. గాలి వీచింది. దుమ్ము లేచింది. పెద్ద పెద్ద చినుకులు, లెక్కపెట్టగలిగినన్ని, పరదా మీద టపటపా పడ్డాయి. అంతే. మేఘం మాకు ఉత్తరంగా గంగారం వైపు జరిగిపోయింది. అటు దూరంగా మెరుపులు కనిపించాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. "మళ్లీ తప్పు చెప్పిన మామా" అన్నాను.

"తప్పేంది? గది అటు పోయింది, గంతే" అన్నాడు. "మన రెక్కల కష్టమే గద పోయింది. అటు దిక్కు ఎవరన్న కప్పిండ్రో లేదో."

అటు దిక్కు అడవి దాటితే తాడ్వాయి. 2024 ఆగస్టు 31న అక్కడ సుడిగాలికి దాదాపు 50 వేల చెట్లు నేలకూలాయి. ఊళ్ల మీదికి రాలేదు కాబట్టి ప్రాణాలు దక్కాయి. అదే గాలి కాస్త ఇటు తిరిగి ఉంటే? ఆ రాత్రి మంచం మీద పడుకుని అదే ఆలోచించాను.

శుక్రవారం ఎండ కాసింది. కుప్ప విప్పితే లోపల కొంచెం ఉమ్మదం పట్టింది కానీ కాయ రంగు పోలేదు. పల్చగా పరిచి సాయంత్రం దాకా తిప్పుతూ కూర్చున్నాం.

మీ ఊళ్లో కూడా అమ్మానాన్నలో, మామయ్యలో కల్లం దగ్గర ఉంటే నాలుగు మాటలు. యాప్‌లో ఊరి పేరు చూడగానే సరిపోదు, జిల్లా పేరు కూడా చూడండి. వారం ముందటి అంచనాను కూలీలను పిలుచుకోవడానికి వాడుకోండి. కప్పాలా వద్దా అనేదానికి మూడు గంటల హెచ్చరిక, మీ పడమటి ఆకాశం, రెండూ చూడండి. పిడుగుల కోసం పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ చేసిన దామిని యాప్ ఉంది. చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగుల గురించి చెబుతుంది. పశువులు కాసేవాళ్ల ఫోన్లలో వేసి పెట్టండి. ఉరుములప్పుడు చెట్టు కింద మాత్రం నిలబడొద్దని చెప్పండి.

ఆదివారం తిరుగు ప్రయాణం. బస్సెక్కించడానికి మామ వచ్చాడు. అత్త కట్టిచ్చిన పచ్చడి డబ్బా, ఎండుమిర్చి సంచి నా చేతిలో పెట్టాడు. మంగళవారం ఆఫీసులో ఉండగా ఫోన్ మోగింది. ఏడాది తర్వాత మామ నుంచి మొదటి ఫోన్.

"అల్లుడా, రేపెట్లుంటది?"

చూసి చెప్పాను. అంతా విని అడిగాడు.

"ఏ కొత్తగూడరా?"