ఓ.కె. టేకులే ప్రింటు వేయండి!

తెర మీద మీరు చూసేది మేం బాగుందనుకున్నది. బాగోలేదని పక్కన పడేసింది మీ కంటబడదు. నేనిప్పుడు చెప్పబోయేది ఆ పక్కన పడేసిన సరుకు గురించే!

1982లో మద్రాసు వడపళనిలో నేను అసిస్టెంటు డైరెక్టర్ని. పేరు పెద్దదే. పని మాత్రం క్లాపు కొట్టడం, కంటిన్యుటీ రాయడం, మాటలు పడటం. మూడోదాంట్లో తొందరగానే సీనియారిటీ వచ్చేసింది.

అప్పట్లో మాకో పద్ధతుండేది. ఒక షాటుకు ఎన్ని టేకులు తీస్తే అన్నీ రిపోర్టులో రాయాలి. కుదిరితే 'ఓ.కె.', కుదరకపోతే 'ఎన్.జి.', అంటే నో గుడ్ అన్నమాట. ఎన్.జి. పక్కన కారణం రాయాలి: 'ఫోకస్ పోయింది', 'డైలాగు తప్పింది'. అంతేగానీ, 'వీడు ఉత్త దండగ' అని ఏ రిపోర్టులోనూ రాయరు. లాబువాళ్లు ఓ.కె. టేకులకే ప్రింటు వేసేవారు. నిమిషానికి తొంభై అడుగులు తినేసే ఫిల్ము మరి, ఊరికే వస్తుందా?

ఫ్లోరు మీద ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఇంటి దగ్గరే తలకిందులైంది.

1986లో తెనాలిలో మా చెల్లెలి పెళ్లి. తెస్తానన్న డబ్బు తేకుండా తమ్ముడు ఒంటరిగా, ఉత్త చేతులతో వచ్చాడు. నేను అప్పటికప్పుడు అప్పుచేసి పరువు కాపాడుకున్నాను. పందిట్లో, వియ్యాలవారు వింటూండగా, "నువ్వెప్పుడూ ఇంతేరా! ఈ ఇంటికి పనికొచ్చే పని ఒక్కటైనా చేశావా?" అనేశాను. వాడు కిక్కురుమనలేదు. తలంబ్రాలు కాగానే వెళ్లిపోయాడు.

ఆ మాట అనడానికి పది సెకన్లు పట్టుంటుంది. ఫిల్ము లెక్కలో పదిహేను అడుగులు. ఖరీదు మాత్రం తొమ్మిదేళ్లు!

ఆ తొమ్మిదేళ్లూ ప్రతి రాత్రీ వాడి ఎన్.జి. టేకులే వేసుకుని చూశాను. చిన్నప్పుడు నా పెన్ను విరగ్గొట్టడం దగ్గర్నుంచి ఏదీ వదల్లేదు. 1991లో నాన్నగారు పోయారు. నిప్పుకుండ పట్టుకుని నేను ముందు, పాడె మోస్తూ వాడు వెనక. మధ్య నాలుగడుగుల దూరం. మాట లేదు.

1995లో ఔట్‌డోరుకు వెళితే వాన పడి షూటింగు ఆగిపోయింది. లాడ్జి గదిలో తోచక ఖాళీ రిపోర్టు కాగితం తీసి, సీను నంబరుండే చోట వేళాకోళంగా తమ్ముడి పేరు రాశాను. ఎన్.జి.: పెళ్లికి డబ్బు తేలేదు. కారణం దగ్గర పెన్ను ఆగిపోయింది. నాకు తెలియదు. అసలు అడిగితేగా!

ఓ.కె.లు రాయడం మొదలుపెట్టాను. 1979లో నన్ను సైకిలు మీద స్టేషనుకు తీసుకొచ్చి మద్రాసు రైలెక్కిస్తూ జేబులో అరవై రూపాయలు కుక్కాడు. రైసుమిల్లులో అప్పటికి వాడి జీతం నూట ఇరవై. నాన్నగారి మంచం పక్కన ఆర్నెల్లు కూర్చున్నదీ వాడే. కాగితం చాల్లేదు. ఇందులో ఒక్కటీ నేను ప్రింటు వేసుకోలేదు!

మర్నాడే తెనాలి వెళ్లాను. దారి పొడుగునా రాసుకున్న డైలాగులు గుమ్మంలోనే మర్చిపోయాను. "ఆ రోజు డబ్బెందుకు తేలేకపోయావురా?" అని మాత్రం అడిగాను.

"పిల్లదానికి ఆపరేషనయింది అన్నయ్యా. పెళ్లింట్లో ఆ మాట ఎందుకని అమ్మతో కూడా జ్వరమనే చెప్పాను."

భార్యా బిడ్డా ఎందుకు రాలేదని కూడా నేనానాడు అడగలేదు. "తప్పు నాదేరా" అన్నాను. వాడు తల వంచుకున్నాడు. చివరికి మరదలే, "కాఫీ చల్లారిపోతోంది బావగారూ" అని సీను కట్ చేసింది.

కలిశాం. కానీ మేమిద్దరం మాట్లాడుకోవడం చూడకుండానే నాన్నగారు వెళ్లిపోయారు. దానికి రీటేకు లేదు.

అప్పట్నుంచీ మూడు అలవాట్లు పెట్టుకున్నాను. మొదటిది, నోరు తెరిచే ముందు నిడివి కొలుచుకోవడం. 'మాయాబజార్' తీసిన కె.వి. రెడ్డిగారు కెమెరా తిరగకముందే స్టాప్‌వాచీతో సీన్ల నిడివి తేల్చుకునేవారని ప్రతీతి. అంతటివారే కొలుచుకుంటే మనమెంత? రెండోది, తప్పు పక్కన కారణం రాయడం. తెలియకపోతే అడగడం. 'నువ్వెప్పుడూ ఇంతే' అనేది కారణం కాదు, తీర్పు. మూడోది, పడుకోబోయే ముందు ఆ రోజు ఎవరు నాకేం మంచి చేశారో ఒక్కటైనా తలుచుకోవడం.

అలాగని తప్పును ఒప్పనమంటున్నానా? లేదండీ. ఎన్.జి. ఎన్.జి.యే. రాసుకోండి, కారణం అడగండి, వీలైతే మళ్లీ తీయండి. రోజూ తెర మీద వేసుకుని చూడొద్దంటున్నాను, అంతే.

ఇప్పుడంతా డిజిటల్. అడుగుల లెక్క లేదు, ఎన్ని టేకులైనా చిన్న కార్డులో పడుంటాయి. మన బుర్ర మొదట్నుంచీ అంతే కదా! అందుకే ఏది ప్రింటు వేయాలో మనమే తేల్చుకోవాలి.

ఇంతకీ, మీ ఇంట్లో ఎవరి రిపోర్టులో కారణం గడి ఖాళీగా ఉంది? ఈ పేజీ మూసేలోగా ఒక్కసారి చూసుకోండి.