నవ్వుకు కూలి లేదు

పోయిన ఆదివారం రాసిన భాగం చదివి ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లోకి వచ్చిండు. సాగర్ రోడ్డు మీద ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతుండు. సెలవులొస్తే ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల కడుతున్న ఇండ్ల మీదికి హెల్పర్‌గా పోతడు. "అన్నా, పని కష్టమనిపిస్తలేదు. జోకులే కష్టమైతున్నయి. ఏమన్నంటే 'పరాష్కమాడితే గింత సీరియస్ ఐతవేందిరా' అంటరు. ఎట్ల తట్టుకోవాలె?" అని అడిగిండు.

ప్రశ్న చిన్నదే. కానీ మన వాడల్లో ఎంతోమంది దాన్ని కడుపులో పెట్టుకొని తిరుగుతున్నరు. అందుకే ఈ భాగం మొత్తం దానికే.

ఔటర్ రింగు రోడ్డు పడ్డంక, ఆదిబట్లకు కంపెనీలొచ్చినంక మా దిక్కు రోడ్డుకు రెండు వైపులా వెంచర్లే. మా అమ్మానాయినలు కూలికి పోయిన చెల్కల్లో విల్లాలు లేస్తున్నయి. పొలం పని పోయింది, సిమెంటు పని వచ్చింది. పొద్దున్నే అడ్డా మీద చూస్తే మంచాల, యాచారం దిక్కు ఊర్లోళ్లు, తండాల లంబాడ అన్నలు, పాలమూరోళ్లు, బీహారోళ్లు, ఒడిశావాళ్లు అందరూ ఒక్కతీరే కనిపిస్తరు. అందరి బట్టల మీదా అదే సిమెంటు. ఎవరి చేతికి ఏ పనిముట్టు వస్తదో సైట్ లోపలికి పోయినంక తెలుస్తది.

ఇంటర్ అయినంక రెండేండ్లు నేనూ హెల్పర్‌నే. సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపినదాన్ని మా దిక్కు మాల్ అంటరు. "మాల్ కలుపు, మాల్ అందియ్యి" అని పొద్దుందాక వినపడుతనే ఉంటది. నేను మాలోణ్ణి. ఇంక జోకు తయారు చేసుకునే కష్టం కూడా లేదు వాళ్లకు. "మాల్ ఎవడు కలపాలె? మాలోడే కలపాలె!" మొదటి రోజు సైట్ మొత్తం నవ్వింది. పదో రోజూ నవ్వింది. నలభయ్యో రోజు కూడా కొత్తగా విన్నట్టే నవ్వింది.

ఆ జోకు నన్ను బాధపెట్టిందా అంటే పెట్టింది. కానీ నేను చెప్పదలుచుకున్నది బాధ గురించి కాదు. ఆ సైట్‌లో ఒకటే వారంలో ముగ్గురం హెల్పర్లం చేరినం. మిగిలిన ఇద్దరు మేస్త్రి చుట్టాలు. నాలుగు నెలలకు వాళ్ల చేతికి తాపీ వచ్చింది. ముందు లోపలి గోడలు, తర్వాత బయటి గోడలు ప్లాస్టరింగ్ చేయనిచ్చిండు. నేను అడిగితే మేస్త్రి అన్న మాట ఇది: "వీని చేతికి తాపీ ఇస్తే మాల్ ఎవడు కలుపుతడురా?" మళ్ల అందరూ నవ్విండ్రు. అంతే, మాట అయిపోయింది. కాదని చెప్పే అవసరం కూడా ఆయనకు రాలేదు. జోకే కాదని చెప్పింది.

సుతారి కూలికీ హెల్పర్ కూలికీ మధ్య రోజుకు వందల రూపాయల తేడా ఉంటది. దాన్ని నెలతో, ఏడాదితో, ఒక మనిషి నడుము వంగిపోయేదాక చేసే ముప్పై ఏండ్లతో గుణించుండ్రి. ఆ ఒక్క జోకు ఖరీదు అది. సైట్ మీద కులపు జోకు చేసే అసలు పని ఇదే. ఎవరు తట్ట మోయాలె, ఎవరు తాపీ పట్టాలె, సెప్టిక్ ట్యాంకు గుంతలోకి ఎవరు దిగాలె అన్నది నవ్వుకుంటనే పంచేస్తది. మనం కూడా నవ్వినమంటే ఆ పంపకానికి వేలిముద్ర వేసినట్టు లెక్క.

కులం పనుల విభజన అనేటోళ్లకు అంబేడ్కర్ 1936లోనే, 'కుల నిర్మూలన'లో జవాబు చెప్పిండు. అది పనిచేసేవాళ్లను విడదీసి ఒకరి మీద ఒకరిని మెట్లుగా పేర్చుడని తేల్చిండు. ఆ మెట్లు ఎట్ల నిలబడుతయో చూడాలంటే గ్రంథాలే తిప్పాల్సిన పని లేదు. కడుతున్న ఇంటి కాడ మధ్యాహ్నం టిఫిన్ గిన్నెలు విప్పే టైముకు పోయి అరగంట కూర్చుంటే చాలు.

మరి పరాష్కమే తప్పా? కాదు. పరాష్కం లేకుంటే మన దిక్కు బతుకే లేదు. బావ బామ్మర్దిని అంటడు, బామ్మర్ది బావను అంటడు. వదినె మరదలు ఒకరినొకరు ఆటపట్టిస్తరు. సైట్ మీద కూడా "మామా", "బావా" అని వరసలు కలుపుకొని తిట్టుకుంటరు, బరువు తెలవకుండ స్లాబు పోస్తరు. ఆ పరాష్కానికి ఒక నియమం ఉన్నది. నువ్వు నన్ను అన్నవు, నేను నిన్ను అంట. తిరిగి అనే హక్కు ఉన్నకాడనే అది పరాష్కం. నేను మేస్త్రిని బావా అనగలనా? "పటేలా" అనాలె. ఆయన నన్ను "ఒరేయ్" అంటడు. ఆయన కులం పేరుతో నేను ఒక్క జోకు వేసి చూస్తే తెల్లారి అడ్డా మీద నన్ను పిలిచేటోడు ఉండడు. తిరిగి అనే దారి లేకపోతే అది వెట్టి. మన తాతలు దొర గడీల కాడ కూలి లేకుండ చేసిండ్రు. మనం సైట్ మీద కూలి లేకుండ నవ్వుతున్నం.

లోకంలో మిగతా చోట్ల లేదా అని అడిగే మిత్రులుంటరు. ఉన్నది. బ్రిటన్ సైట్ల మీద కొత్తగా చేరిన పిల్లగాణ్ణి చారల పెయింటు తెమ్మనో, గాజు సుత్తి తెమ్మనో దుకాణానికి తరుముతరు. లేని వస్తువు కోసం వాడు తిరిగొస్తే అందరూ నవ్వుతరు. అది కూడా కొన్నిసార్లు హద్దు దాటుతది. అక్కడి గణాంకాల శాఖ 2011 నుంచి 2015 దాక ఇంగ్లండ్ లెక్కలు చూసి, నైపుణ్యం తక్కువున్న మగ కూలీల్లో, ముఖ్యంగా కట్టుబడి పనోళ్లలో, ఆత్మహత్య ముప్పు మగవాళ్ల సగటు కంటే మూడు రెట్లని చెప్పింది. మన దేశంలో 2021లో జరిగిన 1,64,033 ఆత్మహత్యల్లో 42,004 దినకూలీలవి. వాటన్నిటికీ జోకులే కారణమని నేను అంటలేను. అప్పులు, రోగాలు, తాగుడు, ఇంటి బాధలు అన్నీ ఉన్నయి. కానీ దినకూలి మనసు రాయిలాంటిది, ఏమన్నా తట్టుకుంటదని అనేటోళ్లు ఈ అంకెలు ఒకసారి చూడాలె. బ్రిటన్ పిల్లగాడు మరుసటేడాది ఇంకో కొత్తోణ్ణి పెయింటు కోసం పంపుతడు. వాడి వంతు అయిపోతది. మన వంతు అయిపోదు. యాభై ఏండ్ల సుతారిని కూడా ఇరవై ఏండ్ల ఓనరు కొడుకు "ఒరేయ్" అంటనే ఉంటడు.

పేరు సంగతి చూడుండ్రి. ఎల్లయ్య ఎల్లిగ అయితడు, నర్సయ్య నర్సిగ అయితడు. మన పేర్ల చివర 'అయ్య'ను కోసేసుడు ఈ నేల మీద పాత పద్ధతి. అందుకే మన ఉద్యమాలు పేరుతోనే మొదలైనయి. 1888లో హైదరాబాద్‌లో పుట్టిన మాదరి భాగయ్య భాగ్యరెడ్డివర్మ అయ్యిండు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షుడైతే, పంచములన్న పేరు వద్దు, మేము ఆది ఆంధ్రులమని ఆ సభే చెప్పింది. పేరు చిన్న విషయం కాదని వందేండ్ల కిందనే మనోళ్లకు తెలుసు.

మా చిన్నాయనకూ తెలుసు. ఆయన మంచి సుతారి. మా వాడలో చర్చి కట్టినప్పుడు తాపీ పట్టుడు నేర్చుకున్నడు. అక్కడ ఆయనను నవ్వేటోడు ఎవడూ లేడు. తర్వాత బయటి సైట్లకు పోయినప్పుడు ఆయన రెండు పనులు చేసేటోడు. ఒకటి, వారం లెక్కలు రాసే బుక్కులో తన పేరు పూర్తిగా ఉన్నదా అని చూసేటోడు. 'గ' అని ఉంటే పైసలు ముట్టుకోకుండ నిలబడి, "అయ్య అని రాయి సారూ, బ్యాంకుల గట్లనే ఉన్నది" అనేటోడు. గొంతు లేపకపోయేది. రెండు, జోకు వేస్తే నవ్వకపోయేది. గోడకు గుండు పట్టుకొని అటే చూసుకుంట, "ఏమన్నవు పటేలా? ఇనపడలే, మళ్ల చెప్పు" అనేటోడు. రెండోసారి చెప్పేసరికి ఆ జోకు చప్పబడేది. మూడోసారి అడిగితే చెప్పేటోడు సిగరెట్ ముట్టిచ్చుకొని అవతలికి పోయేటోడు.

ఇది అందరికీ నడవదని నాకు తెలుసు. చిన్నాయన చేతి పని అంత బాగుండేది కాబట్టి మేస్త్రి ఆయనను వదులుకోలేకపోయిండు. నిన్న చేరిన హెల్పర్ అట్ల అంటే "రేపటి సంది రాకు" అంటరు. అందుకే నవ్వినోణ్ణి నేను తప్పు పట్టను. ఆ నవ్వు వెనక కిరాయి ఉంటది, బిడ్డ ఫీజు ఉంటది. బయట నిలబడి "ఆత్మగౌరవం లేదా" అని అడుగుడు మనలాంటి పోస్టులు రాసేటోళ్లకు అల్క. అడగాల్సింది వేరే ఉన్నది: ఆయన నవ్వకుండ ఉండాలంటే పక్కన ఎంతమంది ఉండాలె?

ఇప్పుడు చట్టం. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 2015 సవరణ తర్వాత, సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద నలుగురికీ కనిపించే చోట అవమానించినా, కులం పేరుతో తిట్టినా నేరం. కిరికిరి మొత్తం ఆ 'నలుగురికీ కనిపించే చోటు' దగ్గరనే. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటి గేటు కాడ కారు పక్కన నిలబడ్డ డ్రైవర్‌ను కులం పేరుతో తిడితే అది నలుగురికీ కనిపించే చోటేనన్నది. 2020 నవంబర్‌లో హితేశ్ వర్మ కేసులో ఇంకో మాట చెప్పింది. ఉత్తరాఖండ్‌లో ఒక దళిత మహిళ ఇల్లు కట్టుకుంటున్నది. ఆమెనూ కూలీలనూ కులం పేరుతో తిట్టిండ్రని, సిమెంటు, ఇనుము, ఇటుకలు ఎత్తుకపోయిండ్రని ఫిర్యాదు. తిట్లు నాలుగు గోడల మధ్య జరిగినయి, అక్కడ బయటి జనం ఉన్నరని ఫిర్యాదులో లేదు కాబట్టి ఈ చట్టం వర్తించదని కోర్టు ఆ ఆరోపణను కొట్టేసింది.

ఆ తీర్పు చదివినప్పుడు నాకు సైటే గుర్తొచ్చింది. పునాది తీసేటప్పుడు తిడితే రోడ్డు మీదికి వినపడుతది. గోడలు లేచినంక తిడితే వినపడదు. ఆ గోడలు లేపింది మనమే. మన చేతులతో కట్టిన నాలుగు గోడలే మనల్ని తిట్టినోనికి అడ్డం నిలబడుతున్నయి.

కాబట్టి సాక్ష్యం సంగతి ముందే ఆలోచించుండ్రి. అన్నమాట అన్నట్టే, తేదీ, టైముతో అదే రోజు ఫోనులో రాసి పెట్టుకోండ్రి. ఎవరు విన్నరో రాయుండ్రి. ఇసుక లారీ డ్రైవర్, నీళ్ల ట్యాంకర్ ఆయన, పక్క ప్లాటు ఓనరు, ఎవరైనా సరే బయటి మనిషి అయితే ఇంకా మంచిది. ఒక్కరే పోకుండ్రి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటే సైట్‌కు పోండ్రి. తాపీ నేర్చుకోవాలంటే మేస్త్రి దయ కోసం చూడకుండ్రి. మన వాడలో ఇందిరమ్మ ఇల్లు కడుతుంటే ఆదివారం పోయి అక్కడ చెయ్యి తిప్పుకోండ్రి.

చెల్లెండ్లకు ఒక మాట. సైట్ మీద ఆడోళ్లకు ఇది రెండింతలు. కులం ఒక దిక్కు, రెండర్థాల మాటలు ఇంకో దిక్కు. ముప్పై ఏండ్లు ఇటుకలు మోసినా ఆడమనిషిని సుతారి అని పిలిచేటోడు లేడు. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఆఫీసులకు మాత్రమే అనుకోకుండ్రి. పదిమంది కంటే తక్కువున్న చోట పనిచేసేటోళ్లు జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. కూలి పనికి పోయే అమ్మలకూ ఆ హక్కు ఉన్నది. రంగారెడ్డి కలెక్టరేట్ 2022 నుంచి మన మండలం కొంగరకలాన్‌లనే ఉన్నది. దూరమని చెప్పే సాకు ఇప్పుడు లేదు.

ఇంకొకటి. 2025 దాక అమల్లో ఉన్న 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టంలో తాగునీళ్ల ఏర్పాటు గురించి ఉండేది, ఆ నీళ్ల కాడ కూలీలకు అర్థమయ్యే భాషలో బోర్డు రాసిపెట్టాలని కూడా ఉండేది. ఆ నీళ్లకు ఎవరి చెంబు వేరుగా పెట్టిండ్రో అడిగే మాట మాత్రం అందులో లేకుండె. అది మనమే అడగాలె. ఆ చట్టంతోనే కార్మికుల కార్డు వచ్చింది. పద్దెనిమిది నుంచి అరవై ఏండ్ల మధ్య ఉండి, ఏడాదిలో తొంభై రోజులు ఈ పని చేసినోళ్లకు కార్డు హక్కు. కార్డు జోకును ఆపదు. కానీ మేస్త్రి నోటికి బయట, ప్రభుత్వ రికార్డులో, నువ్వు కార్మికుడివని ఒక రుజువు ఉంటది. అడ్డా మీద ఇరవై మందికి కార్డులుంటే ఆ ఇరవై మంది ఒకరికొకరు తెలుస్తరు. సంఘం అట్లనే మొదలైతది.

సాగర్ రోడ్డు కాలేజీల్లో చదివే తమ్ముండ్లు, చెల్లెండ్లు మస్తుమంది ఈ పేజీ చదువుతరు. ఒక ఆదివారం పొద్దున ఆరింటికి లేచి ఇబ్రహీంపట్నం అడ్డా మీదికి రాండ్రి. కార్డు దరఖాస్తులు నింపెటందుకు చేతులు కావాలె. ఫారంలో పేరు రాసే ముందు ఒక్క పని చేయుండ్రి. పక్కనోడు పిలిచిన పేరు రాయకుండ్రి. "అయ్యా, నీ పూర్తి పేరు ఏంది?" అని అడిగి, ఆయన చెప్పినట్టే రాయుండ్రి.

జై భీమ్.